పచ్చబడని కామెర్లు

మార్చి 4

ఈ డైరీ ప్రకారం ఇవాళ గురువారం. నిజానికి ఆదివారం. రెండేళ్ళ కిందట ఓడల్లో సరుకు ఎత్తించి దింపించే ఒక స్టివెడోరు కంపెనీ వాళ్ళు మా గ్యాంగుకంతా పంచిన డైరీ ఇది. అట్ట మీద 1982 అని బంగారు అంకెలున్నాయి. అప్పట్లో రాయడానికి నా దగ్గర ఏమీ లేక అలాగే పడి ఉంది. ఇప్పుడూ ఏమీ లేదు గానీ తీరిక ఉంది.

తీరిక ఎందుకంటే, రెండు వారాలుగా డ్యూటీకి వెళ్ళడం లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. పన్నెండేళ్ళుగా పోర్టులో క్రేను నడుపుతున్నాను. ఆ రోజు ఎరువుల ఓడ. క్రేను డ్రైవరు బరువు కేసి చూడడు, ఓడ మీద నిలబడ్డ సిగ్నల్ మ్యాన్ చెయ్యి కేసి చూస్తాడు. ఆ చెయ్యి పైకంటే పైకి, కిందకంటే కిందకి. నా సిగ్నల్ మ్యాన్ సన్యాసిరాజు. అతను చెయ్యి కిందకి ఊపాడు. నేను చూశాను. చూస్తూనే ఉన్నాను. క్రేను లీవరు మీద నా చెయ్యి మాత్రం ఇంకెవరిదో అన్నట్టు ఊరుకుంది. బస్తాలు కట్టిన తాళ్ళ స్లింగు గాలిలో వేలాడుతోంది. కింద గ్యాంగు మొత్తం తలలెత్తి మా అమ్మనీ అబ్బనీ తలుచుకుంటోంది. ఎంతసేపో తెలియదు. చివరికి ఎలాగో బస్తాలు దింపాను, నేనూ దిగాను. మళ్ళీ ఎక్కలేదు.

ఇంతే. ఇందులో రాసుకోవడానికి ఏముంది? రేపు డ్యూటీకి వెళ్తాను.

మార్చి 5

వెళ్ళలేదు.

మార్చి 6

ఇవాళ చొక్కా దాకా వచ్చాను. చొక్కాకి బొత్తాలు మరీ ఎక్కువ. రేపు తప్పకుండా వెళ్తాను.

మార్చి 9

సన్యాసిరాజు వచ్చాడు. కూడా గ్యాంగు వాళ్ళు ఇద్దరు. నేను గోడ వైపు తిరిగి నిద్ర నటించాను. ఈ మధ్య ఆ పని బాగా చేస్తున్నాను.

"ఏటైందమ్మా మా బావకి? మడిసి అగుపడ్డం నేదు" అన్నాడు సన్యాసిరాజు.

మా ఆవిడ గౌరీశ్వరి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, "కామెర్లన్నయ్యా" అంది.

నాకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట ఆమె ముందుగా అనుకుని అన్నది కాదు, నోటికొచ్చింది. కానీ ఆలోచిస్తే అంతకన్నా మంచి రోగం దొరకదు. జ్వరమంటే మూడు రోజుల్లో తగ్గాలి. క్షయ అంటే కప్పులు వేరు పెడతారు. ఇంకోటి అంటే వాల్తేరు పిచ్చాసుపత్రికి తీసుకెళ్ళమంటారు, ఆ తర్వాత మా ఇంటి వైపు ఎవరూ చూడరు. కామెర్లు మర్యాదస్తుల రోగం. నెలా రెండు నెలలు పడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. పైగా గౌరి వాళ్ళ నాన్న, మా మావ, కామెర్లతోనే పోయాడు. అప్పటికి ఆమెకి పదేళ్ళు. ఆ ఇంట్లో కామెర్లకి ఒక హోదా ఉంది.

సన్యాసిరాజు వంగి నా రెప్ప ఎత్తి చూశాడు. "కళ్ళు తెల్లగే ఉన్నాయి కదేటి?"

"లోపలి కామెర్లు. పైకి అగుపడవు" అంది గౌరి.

అతను వెళ్ళేటప్పుడు నా కుడి చెయ్యి పట్టుకుని కాసేపు చూసి మంచం మీద పెట్టేశాడు.

కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు లోకం ఏ రంగులోనూ కనిపించడం లేదు. ఆ లెక్కన నాది అసలైన కామెర్లు కాదని ఎవరైనా పట్టుకోవచ్చు.

మార్చి 12

కబురు మా అత్త ఊరు పద్మనాభం దాకా పాకింది. అత్త దిగింది. ఆదిలక్ష్మమ్మ అంటే ఊళ్ళో మగవాళ్ళు కూడా పక్కకి తప్పుకుంటారు. నాకు అత్తగారు మాత్రమే కాదు, మా నాన్న సొంత చెల్లెలు. అందుకని అల్లుడి మర్యాదలేవీ నాకు లేవు.

"ఒరే తినాదా! నాను బతికుండగా మల్లీ ఈ ఇంట కామెర్లేటిరా!" అంటూ గుమ్మంలోనే మొదలెట్టింది. త్రినాథరావుని, ఆమె నోట్లో మాత్రం తినాదుని. దగ్గరికొచ్చి నా కింది రెప్ప లాగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత రెప్ప వదిలేసి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, "ఉప్పు బందు" అంది.

ఉప్పు, నూనె, చింతపండు మూడూ బందు. తెల్లారగానే పరగడుపున నేల ఉసిరి పసరు, పాలలో కలిపి. మధ్యాహ్నం మజ్జిగన్నం, ఉప్పు లేకుండా. రాత్రి అదే, జ్ఞాపకం లేకపోతే కొత్తగా ఉంటుంది.

గౌరి కన్నతల్లికి కూడా నిజం చెప్పలేదు. నాకు కళ్ళతోనే చెప్పింది, తినేయమని. తిన్నాను. అబద్ధం ఆమెది, పథ్యం నాది. సంసారం అంటే ఇదే కాబోలు.

మార్చి 14

అత్త నన్ను పెరట్లోకి వెళ్ళనివ్వడం లేదు. స్నానానికి నీళ్ళు తనే తోడి తెస్తోంది. కామెర్ల మనిషికి ఒకరు తోడిచ్చిన నీళ్ళే మంచివట. ఎవర్నో పిలిచి నూతి మీద రేకు మూత కూడా వేయించింది. ఆకులు పడుతున్నాయంది. మల్కాపురంలో ఈ సందు మొత్తానికి చెట్టనేది లేదు.

మార్చి 17

ఇవాళ అత్త నన్ను తగరపువలస లాక్కెళ్ళింది. అక్కడ తవిటయ్య అని కామెర్లు దింపే ఆయన ఉన్నాడు. నాలాంటివాళ్ళు, అంటే నిజంగా పచ్చగా ఉన్నవాళ్ళు, వరసగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య కూర్చుంటే సిగ్గేసింది, టిక్కెట్టు లేకుండా రైలెక్కినట్టు.

తవిటయ్య నా తల మీద నుంచి చేతుల దాకా నిమిరాడు. ఏదో గొణిగాడు. తర్వాత ఇత్తడి పళ్ళెంలో సున్నపు నీళ్ళు పోసి అందులో తన చేతులు కడిగాడు. తెల్లటి నీళ్ళు పసుపు పచ్చగా మారిపోయాయి. జనం అబ్బో అన్నారు.

"సూసినావా బాబూ? ఒంట్లో ఉన్నదంతా నీటిలోకొచ్చీసింది. మరింక నేదు" అన్నాడు.

నాకు లేని కామెర్లు నా కళ్ళెదుటే పళ్ళెంలోకి దిగాయి. ఆయన చేతులకి ముందే ఏ మామిడి బెరడు రసమో రాసుకుని ఉంటాడు. ఆ మాట పైకి అనే అర్హత నాకు లేదు. నా అబద్ధానికి రంగు కూడా రాలేదు, ఆయనది పసుపు పచ్చగా మెరుస్తోంది. అత్త మాత్రం పళ్ళెం కేసి చూడలేదు. అంత దూరం తీసుకొచ్చి, దాని కోసమే వచ్చి, పళ్ళెం వదిలేసి నా మొహం కేసి చూస్తూ కూర్చుంది.

మార్చి 18

కామెర్లు దిగిపోయాయి. మంచం దిగడం ఒక్కటే మిగిలింది.

మార్చి 26

సెలవు జీతం సగానికి వచ్చింది. వచ్చే నెల ఆ సగం కూడా ఉండదని సన్యాసిరాజు మొహమాటపడుతూ చెప్పాడు. గౌరి చేతులకి మట్టి గాజులున్నాయి. బంగారువి ఏవని అడిగాను. "ఎండాకాలం కదా, సెమటకి ఒరుసుకుంతన్నాయి" అంది. కిరాణా కొట్టువాడు కూడా పలకరింపులు తగ్గించాడు.

ఇంతలో గౌరి ఒక పని చేసింది. పక్క సందులో స్టీలు ప్లాంటు కుర్రాళ్ళ గది ఉంది. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు, ఆరుగురు. హోటల్ కూడు తిని కడుపులు పాడై ఉన్నారు. వాళ్ళకి క్యారేజీలు కడతానని ఒప్పుకుని వచ్చింది. నాతో ఒక్క మాట అనలేదు. అంటే మాత్రం నేనేం చేసేవాణ్ణి? ఆలోచిస్తానని గోడ వైపు తిరిగేవాణ్ణి.

ఆ గదికి పెద్ద చలమయ్య, ఫిట్టరు. వయసు నలభై దాటింది, పెళ్ళాం పిల్లలు ఊళ్ళో ఉన్నారు. శుభ్రం మనిషి. మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మూల మూలా చూసి, "మాకు ఉప్పూ కారం పులుపూ మూడూ సమంగా ఉండాలండి. ఒకటి తగ్గినా నాకు అన్నం తిన్నట్టుండదండి. గిన్నెలు మాత్రం రెండుసార్లు కడగాలండి" అన్నాడు. మంచం మీద నన్ను చూసి, వీరెవరండీ అన్నాడు.

"మా ఆయన. పోర్టులో నైట్ డూటీ" అంది గౌరి.

కాబట్టి గ్యాంగుకి నేను కామెర్ల రోగిని, చలమయ్యకి నైట్ డ్యూటీ మనిషిని. నేను ఒక్కణ్ణే మంచం మీద ఉన్నాను గానీ, ఊళ్ళో ఇద్దరు త్రినాథరావులు తిరుగుతున్నారు. ఇద్దరూ నాకన్నా నయం.

ఏప్రిల్ 3

ఇంట్లో ఆరు క్యారేజీల వంట. యారాడ నుంచి వచ్చిన చేపలు, వంకాయ కూర, పప్పుచారు. నాకు మజ్జిగన్నం.

ఊరికే ఉండడం ఎందుకని కూరలు తరుగుతానన్నాను. ఒక ఉల్లిపాయ తరిగాను. దానికి పొద్దున్న సగం పట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, ఉల్లిపాయ కదా. తర్వాత వంకాయలు తరిగాను. అప్పుడూ కారాయి. వంకాయల సంగతి ఎవరూ గమనించలేదనుకుంటాను.

గౌరి చేతుల మీద నూనె చుక్కల మచ్చలు పడ్డాయి. పెళ్ళయినప్పటి నుంచి ఆమెని పనికి పంపనని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. పంపలేదు, మాట నిలబెట్టుకున్నాను. పనినే ఇంటికి రప్పించాను.

ఏప్రిల్ 7

ఏమీ లేదు.

ఏప్రిల్ 8

ఏమీ లేదు.

ఏప్రిల్ 11

సన్యాసిరాజు వచ్చి, "పద బావా, అలగ బీచీ కాడికెల్లొద్దాం" అన్నాడు. సముద్రం చూసి చూసి విసిగిన పోర్టు మనుషులు ఇద్దరు బీచికి వెళ్ళడమేమిటని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. బస్సు దిగితే వాల్తేరు ఆసుపత్రి గేటు.

"ఇక్కడ మీ వాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాను.

"ఉన్నాడు, ఎదవ. నా పక్కనే నిల్సున్నాడు" అన్నాడు.

నేను తిరిగి బస్సు ఎక్కబోయాను. అతను చెయ్యి పట్టుకున్నాడు. "బావా, నానేటి గుడ్డోడినేటి? పన్నెండేళ్ళు నీ సెయ్యి సూసే పని సేత్తన్నాను. కామెర్లోడి సెయ్యి అలగ ఆగదు. ఒకటి మాత్తరం ఇను. ఈ మాట పోర్టులో తెలిసిందంటే నిన్ను మరి క్రేనెక్కనివ్వరు. మడుసుల నెత్తి మీద బరువులు తిప్పే పని కదేటి. గోడౌన్లో సీపురిచ్చి కూకోబెడతారు. అందుకే మనిద్దరి మద్దినే ఉంచుదాం."

డాక్టరు ఒక ఆడమనిషి, కళ్ళజోడు, చల్లటి గొంతు. నిద్ర ఎలా పడుతోంది, తిండి ఎలా ఉంది అని అడిగింది. చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా, పంచదార ఎంత కావాలని అడిగినంత మామూలుగా అడిగింది. "అంత ఓపిక లేదమ్మా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, రాసుకుంది.

దీని పేరు డిప్రెషన్ అట. బంగాళాఖాతంలో వచ్చే వాయుగుండం పేరు కూడా అదే. అది వస్తే రేడియోలో చెబుతారు, పోర్టులో ప్రమాదం నంబరు ఎగరేస్తారు, పడవలన్నీ ఒడ్డుకొస్తాయి. నాకు ఒక్కడూ నంబరు ఎగరేయలేదు.

మాత్రలిచ్చింది. "కొత్త ప్రయోగాలేవీ కావండీ, పాత మందే. పాతికేళ్ళ నుంచి వాడుతున్నదే, భయపడకండి. గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో మానేయొద్దు" అంది. నెల తిరిగేసరికి మళ్ళీ రమ్మంది.

ఏదో సన్యాసిరాజు బాధ చూడలేక తెచ్చుకున్నాను. నాకు నిజంగా అవసరమని కాదు.

ఏప్రిల్ 12

మాత్రలు దిండు గలీబులో దాచాను. గౌరికి చెప్పాను. గలీబు అంచు లోపలికి మడిచింది. తర్వాత, "అమ్మకి తెలీకూడదు" అంది. రాత్రి మాత్ర, పొద్దున్న పసరు. రెండు రోగాలకీ వైద్యం సక్రమంగా జరుగుతోంది.

మే 1

ఇవాళ చేపల పులుసు వాసన వచ్చింది. నెల పై నుంచీ ఇంట్లో రోజూ ఏదో ఒక పులుసు కాగుతూనే ఉంది. నాకు ఇవాళే వచ్చింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. గౌరి గరిటె పట్టుకుని నా కేసి చూసింది. ఒక ముక్క పెట్టమని అడగబోయాను. అత్త వెనకే ఉంది.

మొహం తేటపడింది, తవిటయ్య చెయ్యి అలాంటిది అని అత్త సందంతా చెప్పుకుంటోంది. మాత్రల కష్టం మాత్రలది, పేరు తవిటయ్యది.

మే 6

కొంప మునిగింది.

పొద్దున్న యారాడ చేపలామె గంప దించింది. అత్త బేరమాడుతూ ఊరుకోవచ్చు కదా. "మా అల్లుడికి కామెర్లు దిగీసినాయి, రెండు మాసాలు సప్పిడి కూడు ఎట్టినాను, నాను కాబట్టి నెగ్గినాడు" అని మొదలెట్టింది. ఆదివారం కాబట్టి క్యారేజీ కోసం చలమయ్య స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కామెర్లెవరికండీ?" అన్నాడు.

గౌరి పరుగున వచ్చింది. "ఇప్పుడు నేవండీ. దిగిపోనాయి."

"దిగినవి ఎక్కడికెళ్తాయండీ? గిన్నెల్లోకే కదండీ! నైట్ డ్యూటీ అన్నారు కదమ్మా మరి? తప్పుగా అనుకోకండి. కామెర్లున్న ఇంట్లో కూడు మా వైపు ఎవరూ ముట్టరండి. మొన్న మా గదిలో కుర్రాడికి కడుపునొప్పి వస్తే హోటలు టీ వల్లనుకున్నామండి."

సాయంత్రానికి ఆరు క్యారేజీలూ తిరిగొచ్చాయి. కడిగి, తుడిచి, మా గుమ్మం పక్కన వరసగా బోర్లించి వెళ్ళారు. మర్యాదస్తులు.

గౌరి ఏడవలేదు. పులుసు గిన్నె ముందు కూర్చుని, "నానే కదా తెచ్చినాను ఈ కామెర్లని ఇంటికి" అంది, ఎవరితోనూ కాకుండా. గిన్నెడు పులుసు. తినగలిగినవాడికి పథ్యం, తినాల్సినవాళ్ళకి భయం.

నాకు ఏడుపొచ్చింది. ఈసారి వంకాయలు కూడా లేవు.

మే 7

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కామెర్లు అంటూ కూర్చుంటే గౌరి పొయ్యి ఆరిపోతుంది. ఇల్లు ఆమె పొయ్యి మీదే నడుస్తోంది. నిజం చెబితే, వాల్తేరు రోగి ఇంట్లో కూడు మాత్రం తింటారా? చలమయ్యకి తెలిస్తే సందుకి తెలుస్తుంది, సందుకి తెలిస్తే పోర్టుకి. క్రేను పోతుంది. పైన నాలుగు అద్దాల మధ్య కూర్చుని ఓడ మొత్తాన్ని కాళ్ళ కింద చూసుకున్నవాణ్ణి, గోడౌన్లో చీపురు పట్టుకుని కూర్చోవాలి.

తమాషా ఏమిటంటే, రెండున్నర నెలలుగా ఆ క్రేను ఎక్కడానికి వణికి చచ్చాను. ఇప్పుడు అది పోతుందంటే కావాలనిపిస్తోంది. దీన్ని గుణమే అంటారేమో ఆ డాక్టరమ్మని అడగాలి.

గౌరికి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆమె తన మట్టి గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. రేపు గాజువాక వెళ్ళి కొత్త గది ఏదైనా దొరుకుతుందేమో చూస్తానంది, కామెర్ల మాట అక్కడిదాకా వెళ్ళకముందే.

మే 8

గౌరి, అత్త కలిసి పొద్దున్నే గాజువాక వెళ్ళారు. అత్త నన్ను ఒంటరిగా వదలడానికి ఇష్టపడలేదు. మూడుసార్లు వెనక్కి వచ్చి, నూతి రేకు మూత మీద రుబ్బురాయి పెట్టించి మరీ వెళ్ళింది.

నేను అన్నం వండాను, పప్పు వండాను. వంకాయ కూర కూడా, కొంచెం మాడింది. ఆరు క్యారేజీల్లో సర్దాను. చొక్కా బొత్తాలన్నీ పెట్టుకున్నాను. మూడు క్యారేజీలు ఒక చేత్తో, మూడు ఇంకో చేత్తో పట్టుకుని పక్క సందుకి నడిచాను. పక్క సందు ఇంత దూరమని నాకు తెలియదు.

గదిలో కుర్రాళ్ళు మధ్యాహ్నం షిఫ్టుకి తయారవుతూ బన్నురొట్టెలు టీలో ముంచుకుంటున్నారు. నన్ను చూసి చలమయ్య లేచి నిలబడ్డాడు, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"నాకు కామెర్లు లేవండి" అన్నాను. "ఎప్పుడూ లేవు. నైట్ డ్యూటీ కూడా లేదు. మనసు బాగోలేదు. క్రేను మీద చెయ్యి ఆగిపోయింది. వాల్తేరు ఆసుపత్రిలో మందు వాడుతున్నాను. సిగ్గేసి కామెర్లని చెప్పాం."

ఒక కుర్రాడు గోడ వైపు జరిగాడు. చలమయ్య తువ్వాలు కొంచెం దించాడు.

"కొడతారేంటండీ?"

"లేదండి. అంత ఓపిక లేదు."

"అంటుకుంటదా అండీ?"

"మా ఆవిడ ఒకే గదిలో ఉంటోంది కదండీ. ఆరుగురికి వండుతోంది."

చలమయ్య ఆలోచించాడు. బన్నురొట్టె కేసి చూశాడు, క్యారేజీ కేసి చూశాడు. "అంటుకోనిదైతే మనకేంటండీ. రండి, అలా కూర్చోండి. ఒరేయ్, పళ్ళేలు తీయండ్రా" అన్నాడు.

మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. నమిలాడు. మిగిలినవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"త్రినాథరావుగారూ" అన్నాడు చలమయ్య, చాలా జాగ్రత్తగా. "మనసూ అదీ మనం సర్దుకుందామండీ. మనిషన్నాక సవాలక్ష ఉంటాయండి. కానీ ఇందులో ఉప్పు లేదండీ. ఇది మాత్రం కుదరదండీ."

రెండు నెలలు ఉప్పు మొహం చూడనివాడు వండితే అంతే మరి. ఒక్క గిన్నెలోనూ చిటికెడు వేయలేదు. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక పెద్దగా నవ్వాను. ఆ గోడ వైపు జరిగిన కుర్రాడు ఇంకొంచెం జరిగాడు. చలమయ్య కూడా నవ్వి, ఉప్పు పొట్లం తెప్పించి అందరికీ పంచాడు. తిన్నారు. గిన్నెల్లో మెతుకు కూడా మిగల్చలేదు. రేపటి నుంచి అమ్మగారినే వండమనండి అన్నాడు.

మే 9

సందంతా తెలిసిపోయింది. పొద్దున్నే సన్యాసిరాజు తిట్టుకుంటూ వచ్చాడు. "నానేటి సెప్పినాను, నువ్వేటి సేసినావు! సోమారానికల్లా పోర్టుకి తెలిసిపోద్ది. క్రేనిత్తారో సీపురిత్తారో మరి." కాసేపు కూర్చుని, వెళ్తూ వెళ్తూ, "సీపురైనా నా ఓడ కాడే అడగు బావా" అన్నాడు.

మధ్యాహ్నం క్యారేజీలు వెళ్ళిపోయాక అత్త నాకు అన్నం పెట్టింది. నిన్నటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మోసం చేశామని పద్మనాభం బస్సెక్కుతుందనుకున్నాను. మజ్జిగన్నం కాదు, చేపల పులుసు వేసింది. కంచం అంచున ఇంత ఉప్పు కూడా పెట్టింది. పులుసులో ఉప్పుంది, అయినా పెట్టింది.

"నీ కళ్ళు సూసిన్రోజే నాకు తెలుసురా" అంది. "మీ మావకి మూడు పాలీలొచ్చినాయి కామెర్లు. ఒక్కపాలీ కళ్ళు పచ్చబడనేదు."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. గౌరి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"గోడకేసి తిరిగి తొంగునేవోడు. ఊరోళ్ళడిగితే ఏటి సెప్పను? కామెర్లన్నాను. పసరు పోసినాను, ఉప్పు మానిపించినాను. రెండు పాలీలు లేసినాడు. పసరుకే లేసినాడనుకున్నాను. మూడోపాలి నాను పొయ్యి కాడున్నాను. ఆడు నూతి కాడికెల్లినాడు." చెంగుతో మొహం తుడుచుకుంది. "అదీ కామెర్లే అని సెప్పీసినాను. పిల్లకీ అదే సెప్పినాను."

గౌరి వచ్చి తల్లి పక్కన కూలబడింది. ఇరవయ్యేళ్ళుగా తండ్రిని కామెర్లు తీసుకుపోయాయనుకుని, ఆ మాటే నా కోసం దాచిపెట్టుకున్న మనిషి. అమ్మా అని మాత్రం అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా ఇంట్లో ముగ్గురం ఒకేసారి ఒకే సంగతికి ఏడవడం ఇదే మొదలు.

రేకు మూత సంగతి నాకు అప్పుడు అర్థమైంది. తగరపువలసలో పళ్ళెం వదిలేసి నా మొహం ఎందుకు చూస్తూ కూర్చుందో కూడా.

సాయంత్రం అత్త నా దిండు ఎండలోంచి తెచ్చి మంచం మీద పెడుతూ, మాత్రల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. అది గలీబులో ఉందని ఆమెకి ఎప్పటి నుంచి తెలుసో మరి. ఒక మాత్ర తీసుకుని అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూసింది.

"రేపేనా నువ్వు ఆసుపత్రికెల్లాల్సింది? నానూ వొత్తాను. ఆ డాకటరమ్మనొక మాట అడగాల."

"ఏమిటత్తా?"

"ఈ బిళ్ళలు మీ మావున్నప్పుడు కూడా ఉండీవా అని."

నేను పులుసు బాగుందన్నాను.

రేపు డ్యూటీకి వెళ్ళను. రేపు వాల్తేరు వెళ్తాను. అత్తని బయట బల్ల మీద కూర్చోబెట్టి, ముందు నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాలి. పాతికేళ్ళ నుంచి వాడుతున్న మందని ఆ డాక్టరమ్మ నాకు ధైర్యం చెప్పింది. మావ పోయి ఇరవయ్యేళ్ళే. అత్తతో మాత్రం, ఇది ఈ మధ్యనే వచ్చిందమ్మా అని చెప్పమని ఆవిడని బతిమాలుకోవాలి.